తెర నల్లబడితే కంప్యూటర్ పోయినట్టేనా?

“నిన్న రాత్రి దాకా బాగానే నడిచిందన్నా. పొద్దున ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ వచ్చింది, తర్వాత తెరంతా నలుపు. షాపులో చూపిస్తే ఫార్మాట్ కొట్టాలన్నారు.”

లినక్స్ కొత్తగా ఎక్కించుకున్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఇళ్లలోకి లినక్స్ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి కాలేజీ దారి. అజీజ్‌నగర్, యెంకేపల్లి, చిలుకూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ల్యాబులో ఉబుంటు చూసిన విద్యార్థి ఇంటికెళ్లి తన లాప్‌టాప్‌లో విండోస్ పక్కనే దాన్నీ పెట్టుకుంటాడు. రెండోది పాత యంత్రాల దారి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. అవి లేని డెస్క్‌టాప్‌కు లినక్స్ మింట్ వేస్తే ఇంకొన్నేళ్లు పనిచేస్తుంది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ‘స్వేచ్ఛ’ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది. కాబట్టి మన దగ్గర లినక్స్ కొత్తదేమీ కాదు. అది మొరాయించినప్పుడు పక్కన కూర్చుని ఓపిగ్గా చూసే మనిషి దొరకడమే కష్టం.

ఫార్మాట్ కొడితే సమస్య పోవచ్చు. దాంతోపాటు ప్రాజెక్టు రిపోర్టు, పాస్‌బుక్ స్కాన్లు, పిల్లల ఫోటోలు కూడా పోతాయి. అన్నిటికంటే పెద్ద నష్టం, ఎందుకు పాడైందో చెప్పే ఆధారం చెరిగిపోవడం. కారణం అలాగే ఉంటే నెల తిరక్కుండా అదే నలుపు మళ్లీ వస్తుంది. అందుకే ఏదైనా మార్చే ముందు ఎక్కడ ఆగిందో కనుక్కోవాలని గట్టిగా చెబుతాను.

తెర మీద బొమ్మ ఎలా వస్తుంది?

బటన్ నొక్కాక ముందు గ్రబ్ అనే చిన్న ప్రోగ్రాం లేచి కెర్నల్‌ను పిలుస్తుంది. కెర్నల్‌లోని గ్రాఫిక్స్ డ్రైవర్ చిప్పుతో మాట్లాడి తెర సైజును, రంగులను కుదురుస్తుంది. ఇంటెల్ చిప్పులకు చాలా ఏళ్లుగా ఆ డ్రైవర్ ఐ915, ఏఎండీకి ఏఎండీజీపీయూ, ఎన్విడియాకు నూవో కానీ ఆ కంపెనీ సొంత డ్రైవర్ కానీ. దాని మీద మేసా లాంటి లైబ్రరీలు బొమ్మ గీసే పని చూస్తాయి. ఆ పైన ఎక్స్ సర్వరో వేలాండో ఉండి కిటికీలన్నిటినీ ఒక తెర మీద అమరుస్తుంది. ఆ పైన లాగిన్ తెర, చివరికి గ్నోమ్, సినమన్ లాంటి డెస్క్‌టాప్.

ఈ వరుసలో ఏ మెట్టు విరిగినా మన కంటికి కనిపించేది ఒకటే, నల్ల తెర. పొలంలో బోరు నీళ్లు పోయకపోతే ఎవరూ ముందుగా మోటారు పైకి లాగరు. కరెంటు ఉందా, ఫ్యూజు పోయిందా, స్టార్టరు పడుతోందా అని కింది నుంచి చూసుకుంటూ వస్తారు. ఇక్కడా అంతే. గ్రబ్ మెనూయే రాకపోతే తప్పు డెస్క్‌టాప్‌లో ఉండదు. లాగిన్ తెర వచ్చి పాస్‌వర్డ్ కొట్టాక చెడితే, కెర్నల్ డ్రైవర్ కనీసం లేచి నిలబడింది అన్నమాట.

పని మధ్యలో బిగుసుకుపోతే?

వెంటనే పవర్ బటన్ నొక్కిపట్టకండి. కాసేపు ఆగి క్యాప్స్‌లాక్ నొక్కండి. దీపం వెలిగి ఆరుతుంటే కీబోర్డు మాట వినేవాళ్లు లోపల ఇంకా ఉన్నారు. వెలగకపోతే అంతా చచ్చిందని అనుకోవద్దు. డెస్క్‌టాప్‌లో ఉన్నప్పుడు ఆ దీపాన్ని నడిపేది ఎక్స్ సర్వరో వేలాండ్ కంపోజిటరో కాబట్టి, అది ఒక్కటే ఆగి కెర్నల్ బతికే ఉండొచ్చు. దీపం దానంతటదే ఆగకుండా మిణుకుతుంటే మాత్రం అది సాధారణంగా కెర్నల్ ప్యానిక్.

తర్వాత కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి. నల్లటి తెర మీద తెల్ల అక్షరాల్లో లాగిన్ అడిగితే మీ కంప్యూటర్ బతికే ఉంది, పైనున్న డెస్క్‌టాప్ మాత్రమే పడింది. లాగిన్ అయి ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్’ పక్కన మీ లాగిన్ మేనేజర్ పేరు కొట్టండి. ఉబుంటులో అది జీడీఎం3, మింట్‌లో లైట్‌డీఎం. తెరిచి ఉన్న ప్రోగ్రాములు పోతాయి కానీ రీబూట్ అక్కర్లేకుండా లాగిన్ తెర తిరిగొస్తుంది.

అదీ పలకకపోతే చివరి మర్యాద ఒకటుంది. ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ పట్టుకుని ఎస్, యు, బి అక్షరాలను ఒక్కో క్షణం ఆగుతూ నొక్కాలి. ఎస్ అంటే మెమరీలో ఉన్న రాతలను డిస్కుకు చేర్చు, యు అంటే డిస్కును చదవడానికి మాత్రమే ఉంచు, బి అంటే రీబూట్ చెయ్యి. ఇంకా పొడవైన అక్షరాల వరుస ఒకటి చాలామంది చెబుతుంటారు. ఉబుంటు తన సహజ అమరికలో ఈ మూడింటినే అనుమతిస్తుంది, మనకు ఇవి చాలు. ఇందులో ‘ఎస్’ విలువ కింది ప్రశ్నలో తెలుస్తుంది.

ఏం జరిగిందో ఎవరిని అడగాలి?

కంప్యూటర్‌నే అడగాలి. సిస్టమ్‌డీ ఉన్న ప్రతి లినక్స్ తన దినచర్యను జర్నల్‌లో రాసుకుంటుంది. టెర్మినల్‌లో ‘జర్నల్‌సీటీఎల్’ కొట్టి, ఖాళీ వదిలి మైనస్ బి, మళ్లీ ఖాళీ వదిలి మైనస్ 1 ఇస్తే, ఇప్పటిది కాకుండా అంతకుముందు ఆన్ చేసినప్పటి చరిత్ర వస్తుంది. చివరిలో మైనస్ ఇ చేరిస్తే నేరుగా ఆఖరి పంక్తులకు తీసుకెళ్తుంది. ఆగిపోయే ముందు అది మాట్లాడిన చివరి మాటలు అక్కడే ఉంటాయి. పవర్ బటన్‌తో చంపేస్తే చివరి కొద్ది సెకన్ల రాత డిస్కు మీదకు చేరకపోవచ్చు. మనకు కావలసింది ఆ సెకన్లే. అందుకే ఆ ‘ఎస్’.

ఆ పంక్తులన్నీ అర్థం కానక్కర్లేదు, కొన్ని గుర్తులు పట్టుకుంటే చాలు. ‘జీపీయూ హ్యాంగ్’ అని ఐ915 రాస్తే ఇంటెల్ చిప్పు ఇచ్చిన పని ముగించలేక ఆగింది. ‘రింగ్ జీఎఫ్ఎక్స్ టైమౌట్’ అని ఏఎండీజీపీయూ రాస్తే అక్కడా అదే కథ. ‘ఎన్‌వీఆర్ఎం, ఎక్స్‌ఐడీ’ అని ఉంటే ఎన్విడియా డ్రైవర్ మాట్లాడుతోంది. పక్కనున్న అంకె ముఖ్యం. 79 అయితే కార్డు మదర్‌బోర్డుకే కనిపించకుండా పోయిందని, అంటే కరెంటు, వేడి, స్లాటు చూడమని. ‘ఔట్ ఆఫ్ మెమరీ’ కనిపిస్తే గ్రాఫిక్స్‌ను నిందించడం మానండి. 4 జీబీ ర్యామ్‌లో బ్రౌజర్‌లో ఇరవై పేజీలు తెరిస్తే మౌస్ కూడా కదలని స్థితి వస్తుంది. అది అచ్చం గ్రాఫిక్స్ జబ్బులాగే ఉంటుంది, కానీ మందు వేరు.

ఏ తప్పూ రాయకుండా పంక్తులు ఠక్కున తెగిపోయి, యంత్రం దానంతటదే రీస్టార్ట్ అయిందా? అప్పుడు మొదటి అనుమానం కరెంటు మీద, వేడి మీద. పాత డెస్క్‌టాప్‌లో ఎస్‌ఎంపీఎస్ బలహీనపడితే మామూలు పనికి సరిపోతుంది, గేమో వీడియోనో మొదలై కార్డు ఎక్కువ కరెంటు అడిగిన క్షణాన చేతులెత్తేస్తుంది. మే నెల ఎండల్లో, దుమ్ము పట్టిన ఫ్యానుతో, రేకుల గదిలో ఉన్న కంప్యూటర్‌కు ఏ డ్రైవర్ మార్చినా ప్రయోజనం లేదు. ‘సెన్సార్స్’ అనే కమాండు వేడి ఎంతుందో చెబుతుంది. డ్రైవర్ల జోలికి పోయే ముందు దుమ్ము దులపండి.

నేనేమీ మార్చలేదు, అయినా ఎందుకు చెడింది?

మీరు మార్చలేదు, అప్‌డేట్ మార్చింది. ఉబుంటు భద్రతా అప్‌డేట్లను అడక్కుండానే వేసుకుంటుంది. అలా కొత్త కెర్నల్ కూడా దిగుతుంది, కానీ అది పని మొదలుపెట్టేది మీరు మళ్లీ ఆన్ చేసినప్పుడే. అందుకే రాత్రి బాగుండి పొద్దున చెడినట్టు ఉంటుంది. వార్ ఫోల్డరులో లాగ్, అందులో ఏపీటీ, అందులో హిస్టరీ అనే ఫైలు తెరిస్తే ఏ తేదీన ఏవి మారాయో వరుసగా ఉంటాయి.

ఎన్విడియా ఉన్నవాళ్లకు ఈ దెబ్బ ఎక్కువ తగలడానికి కారణముంది. ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు కెర్నల్‌తో పాటే పెరుగుతాయి, కెర్నల్‌తో పాటే వస్తాయి. ఎన్విడియా సొంత డ్రైవర్ బయటిది. కెర్నల్ మారిన ప్రతిసారీ దాన్ని ఆ కెర్నల్‌కు సరిపోయేట్టు అమర్చాలి, చాలాచోట్ల ఆ పని డీకేఎంఎస్ అనే యంత్రాంగం చేస్తుంది. కొత్త కెర్నల్ తాలూకు హెడర్ ఫైళ్లు లేకపోయినా, కార్డు పాతదై కంపెనీ ఆ డ్రైవర్‌ను పట్టించుకోవడం మానేసినా అమరిక విఫలమవుతుంది. 2012 జూన్‌లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినస్ టోర్వాల్డ్స్ ఎన్విడియా మీద బహిరంగంగానే మండిపడ్డాడు. పదేళ్ల తర్వాత, 2022 మేలో, ఆ కంపెనీ కెర్నల్ భాగం సోర్సును బయటపెట్టింది. అది కొత్త తరాల కార్డులకే. సెకండ్‌హ్యాండ్‌లో దొరికే పాత కార్డులకు ఆ మేలు అందలేదు. లినక్స్ కోసమే పాత డెస్క్‌టాప్ కొంటుంటే ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్ ఉన్నది తీసుకోండని నా సలహా.

ఇంకో చిక్కు సెక్యూర్ బూట్. ఎన్విడియా డ్రైవర్ వేసేటప్పుడు ఉబుంటు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీబూట్ అవగానే నీలి తెర వస్తుంది. భయపడి ‘కంటిన్యూ బూట్’ నొక్కేవాళ్లే ఎక్కువ. అక్కడ ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఇవ్వకపోతే డ్రైవర్ డిస్కులో ఉన్నా కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వదు.

మన దగ్గర ఇంకో కారణాన్ని మరవకూడదు. అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోవడం. ప్యాకేజీలు సగం అమరి, కొత్త కెర్నల్ సరంజామా పూర్తికాకుండా ఉండిపోతుంది. టెర్మినల్ చేతికి అందాక ‘సుడో డీపీకేజీ’ పక్కన రెండు మైనస్‌లు, కన్‌ఫిగర్, ఖాళీ, మైనస్ ఎ ఇస్తే ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో గాలివాన సాయంత్రాల్లో అప్‌డేట్ నొక్కకండి.

తెరే లేనప్పుడు టెర్మినల్ ఎలా?

ఆన్ చేయగానే ఎస్కేప్ తడుతూ ఉండండి. పాత బయాస్ అయితే షిఫ్ట్ పట్టుకోండి. గ్రబ్ మెనూ వస్తుంది. అందులో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ లోపల పాత కెర్నల్ కూడా ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే చాలాసార్లు నిన్నటి డెస్క్‌టాప్ మామూలుగా వచ్చేస్తుంది. అలా వస్తే తప్పు కొత్త కెర్నల్‌తోనో, దానికి కుదరని డ్రైవర్‌తోనో అని దాదాపు తేలిపోయింది. అన్నిటికంటే ముందు చేయాల్సిన పరీక్ష ఇదే.

అదీ పనిచేయకపోతే మెనూలో ఇ నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే పంక్తి చివర ఖాళీ వదిలి ‘నోమోడ్‌సెట్’ చేర్చి ఎఫ్10 నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్లను పక్కన పెట్టి, బండగా అయినా తెర చూపించమని దానర్థం. అక్షరాలు పెద్దగా, కదలికలు నెమ్మదిగా ఉంటాయి. ఆ ఒక్కసారికే వర్తిస్తుంది. డ్రైవర్ సరిచేసుకోవడానికి దొరికిన సందు అనుకోండి, దాన్నే శాశ్వతం చేసుకోవద్దు. తర్వాత ‘జీఎల్‌ఎక్స్ ఇన్ఫో’లో ‘ఎల్ఎల్‌వీఎంపైప్’ అని కనిపిస్తే కార్డు ఖాళీగా కూర్చుని ఉంది, బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోంది. వీడియో తడబడటానికి, ఫ్యాను మోతకు కారణం అదే.

పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్లీ లాగిన్ తెరే వస్తుంటే?

ఇది చాలావరకు గ్రాఫిక్స్ తప్పు కాదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3తో లోపలికెళ్లి ‘డీఎఫ్ మైనస్ హెచ్’ కొట్టండి. డిస్కు నూటికి నూరు నిండితే డెస్క్‌టాప్ తన చిన్న ఫైళ్లు కూడా రాసుకోలేక తిరిగొస్తుంది. చోటు ఉంటే, హోమ్ ఫోల్డరులోని ‘ఎక్స్ అథారిటీ’ అనే దాగిన ఫైలు ఎవరి పేరున ఉందో చూడండి. ఎప్పుడో డెస్క్‌టాప్ ప్రోగ్రాం ఒకటి సుడోతో నడిపితే అది రూట్ సొత్తయిపోయి ఉండొచ్చు. యాజమాన్యం మీ పేరుకు మార్చితే తలుపు తెరుచుకుంటుంది. ఇంకా అనుమానముంటే కొత్త యూజర్‌ను సృష్టించి లాగిన్ అవ్వండి. అతనికి బాగా వస్తే డ్రైవర్లు నిర్దోషులు, మీ సెట్టింగుల్లోనో మీరు చేర్చిన ఎక్స్‌టెన్షన్లలోనో తేడా ఉంది.

డెస్క్‌టాప్ పడితే ఒకప్పుడు తెరిచిన కిటికీలు మిగిలేవి, ఇప్పుడెందుకు పోతున్నాయి?

1984లో ఎంఐటీలో మొదలైన ఎక్స్ పద్ధతిలో తెరను నడిపేది ఒకరు, కిటికీలు సర్దేది ఇంకొకరు. సర్దేవాడు పడినా కిటికీలు బతికేవి. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్‌లో ఆ రెండు పనులూ ఒకే ప్రోగ్రాం చేస్తుంది. బొమ్మ చీలకుండా శుభ్రంగా వస్తుంది, ఒక కిటికీ ఇంకో కిటికీని చాటుగా చూడలేదు. కానీ గ్నోమ్‌లో ఆ ప్రోగ్రాం పడితే పైనున్నవన్నీ పడతాయి. ఉబుంటు 24.04లో మాటిమాటికీ ఇలా అవుతుంటే లాగిన్ తెర మీది చక్రం గుర్తు నొక్కి ‘ఉబుంటు ఆన్ ఎక్సార్గ్’ ఎంచుకుని కొన్నాళ్లు వాడి చూడండి. ఉబుంటు 25.10 నుంచి ఆ అవకాశం తీసేశారు. సినమన్ వాడే మింట్ ఇంకా ఎక్స్ మీదే సహజంగా నడుస్తుంది.

ఇంకొకరి సాయం అడగాలంటే?

“స్క్రీన్ రావట్లేదు, హెల్ప్” అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ మెట్టు దాకా వచ్చి ఆగిందో చెప్పండి. ‘ఇంక్సి మైనస్ జి’ (జి పెద్దక్షరం) ఇచ్చే కార్డు, డ్రైవర్ వివరాలు, కెర్నల్ సంఖ్య, జర్నల్ చివరి యాభై పంక్తులు జతచేయండి. పాత కెర్నల్‌తో వచ్చిందా, లైవ్ పెన్‌డ్రైవ్‌తో వచ్చిందా రాయండి. పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తోనూ అదే పాడు కనిపిస్తే డిస్కులోని లినక్స్‌ను తప్పుపట్టడం మాని, కార్డు, ర్యామ్, కేబులు వైపు చూడాలి. డెస్క్‌టాప్ అయితే మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు గుచ్చారా, మదర్‌బోర్డుకు గుచ్చారా అన్నది కూడా చూసుకోండి.

ఒక్కోసారి ఒక్కటే మార్చండి, మార్చినదాన్ని నోటుబుక్కులో రాసుకోండి. యంత్రం బాగున్న రోజునే మింట్‌లోని టైమ్‌షిఫ్ట్‌తో ఒక స్నాప్‌షాట్ తీసిపెట్టుకోండి. అది సిస్టమ్‌ను వెనక్కి తెస్తుంది, మీ ఫోటోలను కాదు. వాటికి వేరే డిస్కులో కాపీ ఉండాలి. లైవ్ పెన్‌డ్రైవ్ కూడా ఇప్పుడే తయారుచేసి అల్మారాలో పెట్టుకోండి, ఎందుకంటే తెర నల్లబడ్డ రోజు దాన్ని చేయడానికి ఇంకో కంప్యూటర్ వెతుక్కోవాలి.