నిఘంటువు పుట్టిన ఇటుకల మేడ

1666లో చెలరేగిన మహాగ్నికి లండన్ నగరంలోని కొయ్య ఇళ్లు వేలకొలదిగా భస్మమైనవి. ఇకపై ఇంటి గోడలను ఇటుకతోగాని రాతితోగాని నిర్మింపవలెనని మరుసటి ఏట శాసనం వెలువడింది. ఆ శాసనానంతరం, 1700 ప్రాంతంలో వెలసినదే ఫ్లీట్ స్ట్రీట్ వెనుక సందుల నడుమ, గఫ్ స్క్వేర్‌లోని 17వ నంబరు మేడ.

దానిది ఆడంబరమెరుగని ఇటుక ముఖం. వరుస తప్పని నిలువు కిటికీలు. మొదటి అంతస్తులోని కొయ్య అడ్డుగోడలు కీళ్లపై తిరుగుతాయి. వానిని మడిచినచో విడివిడి గదులు ఒకే చావడి అవుతాయి. వీధి తలుపుకు బరువైన గొలుసు, దానిపైనున్న గాజు పలకకు ముళ్లకమ్మీ రక్షణ.

1748 నుండి 1759 వరకు ఈ ఇంట అద్దెకున్నవాడు శామ్యూల్ జాన్సన్. ఇంటి శిఖరానగల అటకగదిలో ఆరుగురు లేఖకులతో ఆయన ఆంగ్ల నిఘంటువును కూర్చినాడు. 1752లో ఆయనకు భార్యావియోగం కలిగింది. అయినను పని ఆగలేదు. 1755లో నలువది రెండువేలకు పైబడిన పదాలతో రెండు సంపుటాలు వెలువడినవి. గొలుసు దొంగలకు అడ్డు కాగలదుగాని అప్పుకు కాజాలదు. మరుసటి ఏడే ఆ విద్వాంసుడు బాకీ తీర్చలేక నిర్బంధం పాలైనాడు.

జీర్ణించిన ఈ ఇంటిని 1911లో సెసిల్ హార్మ్స్‌వర్త్ కొని ఉద్ధరించినాడు. రెండవ ప్రపంచయుద్ధంలో బాంబుల మంటలు అటకగది కప్పును దహించినవి. గోడలు మాత్రం నిలిచినవి. అగ్నిభయంతో పుట్టిన ఇటుక అగ్నిపరీక్షలో నెగ్గింది. నేడు దర్శకులు ఆ పాత కొయ్యమెట్లెక్కి, పదాలు ప్రోగుపడిన ఆ గదిని చూడగలుగుతున్నారు.