తగ్గి మరల వచ్చు వాపు

ఒకనాటి ఉదయమున పైపెదవి ఉబ్బును. నొప్పి యుండదు, దురదయు నుండదు. తేనెటీగ కుట్టినదేమో యని యొకరు, పన్ను చెడినదేమో యని యొకరు అందురు. కొన్ని గంటలకో దినములకో అది తానే తగ్గును. కొన్ని నెలలకు మరల వచ్చును. ఇట్లు పలుమారులు వచ్చి, తుదకు తగ్గుట మానును. మెత్తనైన పెదవి గట్టిపడి అట్లే నిలిచిపోవును. మెల్కర్‌సన్-రోసెంతాల్ వ్యాధి యను అరుదైన రుగ్మత తరచుగ నిట్లే సాగును.

ముఖమున వాపు, ముఖమును కదలించు నరమునకు పక్షవాతము ఒకే రోగియందు కూడియుండుటను 1928లో స్వీడన్ దేశపు వైద్యుడు ఎర్నెస్ట్ మెల్కర్‌సన్ వర్ణించెను. 1931లో జర్మను వైద్యుడు కర్ట్ రోసెంతాల్ వీనికి మూడవ లక్షణమును చేర్చెను. అది బీటలు వారిన నేలవలె గాడులు పడిన నాలుక.

మూడును ఒక్కసారి కనబడినచో నిర్ణయము సులభమే. కాని అట్టి రోగులు కొలదిమందియే. ఒకనాడు మూతి వంకరపోయి, కొన్ని వారములకు సరియగును. పెదవి వాపు మరికొన్ని యేండ్లకు గాని రాకపోవచ్చును. నాలుకమీది గాడులు సాధారణముగ బాధింపవు. ఆరోగ్యవంతులకును ఉండును గనుక వానినెవ్వరును లెక్కింపరు. పక్షవాతమును ఒక వైద్యుడు, పెదవిని వేరొక వైద్యుడు చూచుటచే ఈ సంబంధము మరుగుపడును. కావున "ఇదివరలో ఎప్పుడైన మూతి వంకరపోయినదా?" యను ప్రశ్నయే మొదటి పరీక్ష.

పిదప పెదవినుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో చూతురు. కణములు గుంపుగూడి యేర్పడిన కణికలు అందు తరచుగ కానవచ్చును. అయితే క్షయ, కుష్ఠు, క్రోన్ అను పేగుల వ్యాధి మున్నగువానియందును కణికలుండును. వానినన్నిటిని తోసిపుచ్చిన గాని నిర్ణయము స్థిరపడదు. తొందరపడి పేరుపెట్టినచో రోగి అక్కరలేని మందులను, అక్కరలేని అపవాదును గూడ మోయవలసి వచ్చును.

వ్యాధిని సమూలముగ తొలగించు ఔషధము లేదు. అదుపునకు తెచ్చు మార్గములు కలవు. స్టెరాయిడ్ మందును పెదవిలోనికి సూదితో ఎక్కించుట, మాత్రలుగ నిచ్చుట ముఖ్యమైనవి. కొందరికి డాక్సిసైక్లిన్ ఉపకరించును. 1954లో డబ్లిన్ నగరమున క్షయకై రూపొంది, కుష్ఠు చికిత్సలో ప్రసిద్ధికెక్కిన క్లోఫాజిమిన్ గూడ కొందరి వాపును తగ్గించినది. గట్టిపడి వికారముగ మిగిలిన పెదవిని, వ్యాధి శాంతించిన పిదప శస్త్రచికిత్సచే సరిదిద్దుదురు.

ఇది అంటువ్యాధి కాదు. తరగతిలో నోటికి చేయి అడ్డము పెట్టుకొని కూర్చుండు విద్యార్థిని దూరముగ నుంచ నక్కరలేదు. వాపు వచ్చిన తేది, ఉన్న దినములు వ్రాసియుంచుట, వాపున్ననాడే ఛాయాచిత్రము తీయించుట వైద్యునికి మిక్కిలి తోడ్పడును. ఏ వాపుతోనైనను ఊపిరాడకపోయినచో మాత్రము క్షణమైన ఆగక ఆసుపత్రికి గొనిపోవలెను. తక్కినవేళల కావలసినది ఓపిక. ఏండ్ల యెడముతో వచ్చిన లక్షణములను ఒకచోట చేర్చి చూచు చూపు.