ఫిల్టర్ మీది పేరు, ఫిల్టర్ లోపలి పని

సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ రాయదుర్గం నుంచి బయోడైవర్సిటీ జంక్షన్ దాటేలోపు కారు కదిలేది తక్కువ, ఆగేది ఎక్కువ. ఓడోమీటర్‌లో అంకె మారకపోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. ఏ కంపెనీ ఆయిల్ ఫిల్టర్ మంచిదని అడిగే మాదాపూర్, గచ్చిబౌలి వాళ్లు ముందు ఈ సంగతి చూసుకోవాలి.

చాలా పెట్రోలు కార్ల మాన్యువల్ 10,000 కిలోమీటర్లకో, ఏడాదికో ఆయిలూ ఫిల్టరూ మార్చమంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద సగటున గంటకు 60 కి.మీ. వేగంతో పోతే ఆ దూరానికి ఇంజిన్ తిరిగేది సుమారు 167 గంటలు. సగటు 15కు పడిపోతే 667 గంటలు. అంటే నాలుగింతల చాకిరీ. అందుకే ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌కు, దుమ్ముకు, చిన్న ప్రయాణాలకు అదే మాన్యువల్లో గడువు తగ్గించిన పట్టిక వేరే ఉంటుంది. మనలో ఎంతమంది ఆ పేజీ తిప్పారో!

ఇక ఫిల్టర్. మడతలు పెట్టిన కాగితం మురికిని పట్టడం అందరికీ తెలిసిందే. నాణ్యత తేలేది రెండు వాల్వుల దగ్గర. బండి ఆపాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా రబ్బరు వాల్వు ఆపుతుంది. వేడికి అది గట్టిపడితే పొద్దున స్టార్ట్ చేయగానే, ఆయిల్ పైకి చేరేలోపు, ఇంజిన్ క్షణకాలం టకటకమంటుంది. సిలికాన్‌ది అయితే ఎక్కువకాలం మెత్తగా ఉంటుంది. రెండోది బైపాస్ వాల్వు. కాగితం మూసుకుపోతే వడకట్టని ఆయిల్‌నైనా ఇంజిన్‌కు పంపుతుంది. మురికి ఆయిల్ చెడ్డదే కానీ అసలు ఆయిలే అందకపోవడం అంతకన్నా ప్రమాదం. ఈ వాల్వు ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలో ఇంజిన్‌ను బట్టి మారుతుంది. కాబట్టి మర సరిపోయింది కదా అని వేరే బండి ఫిల్టర్ బిగించకూడదు.

డబ్బా మీద '20 మైక్రాన్లు' అని ఉంటే మురిసిపోనక్కర్లేదు. ఆ సైజు రేణువుల్లో సగం ఆపేదీ, 99 శాతం ఆపేదీ ఒకే అంకె వేసుకోవచ్చు. శాతం కూడా చెప్పి, ఐఎస్ఓ 4548-12 పరీక్ష పేరు రాసినదే పోల్చడానికి పనికొస్తుంది.

బాష్, మాన్, మాలే, 1923లో అమెరికాలో పుట్టిన ప్యూరొలేటర్, మన ఎలోఫిక్, కారు కంపెనీల సొంత డబ్బాలు: మన బండికి సరైన పార్ట్ నంబరుతో దొరికితే వీటిలో దేన్ని వేసినా మామూలు వాడకంలో తేడా తెలియదని నా అభిప్రాయం. కారు కంపెనీలు కూడా సాధారణంగా ఫిల్టర్లు తయారుచేయవు, ఫిల్టర్ కంపెనీల దగ్గరే కొని తమ పేరు వేసుకుంటాయి. చిన్న పెట్రోలు కారు ఫిల్టర్ ధర ఆయిల్ ఖర్చులో చిన్న ముక్క. అక్కడ యాభై రూపాయలు మిగుల్చుకోవడం కన్నా, ఖరీదైనది వేశామన్న ధీమాతో గడువు దాటించడం పెద్ద నష్టం.

అసలు భయం డూప్లికేట్ మాలుతోనే. రాణిగంజ్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా బిల్లు తీసుకోండి. వారంటీలో ఉన్న బండికైతే అది మరీ అవసరం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌కే వచ్చి సర్వీస్ చేసే మెకానిక్ అయితే డబ్బాను మీ ముందే విప్పమనండి. రబ్బరు రింగుకు కాస్త కొత్త ఆయిల్ రాసి, ఫిల్టర్ మీద రాసినన్ని చుట్లే చేత్తో బిగించాలి. స్పానర్‌తో బిర్రుగా తిప్పితే రింగు నలిగి ఆయిల్ కారుతుంది.