బడిలో కన్నడం, చెవిలో తెలుగు

బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని సిరిగేరి వైపు వెళ్తే, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదువుకున్నవాళ్లు కనిపిస్తారు. 1953 అక్టోబరు 1న అప్పటి బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. సిరుగుప్ప, బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. సరిహద్దు గీత పడింది కానీ ఇంటి మాట మారలేదు. తెలుగు కథ చదివి వినిపిస్తే వీళ్లు చెవులప్పగించి వింటారు. అదే కథను పుస్తకంగా చేతికిస్తే లిపి అడ్డొస్తుంది. ఆ అడ్డు తొలగించే సాధనం ఇంటర్నెట్ నుంచి దించుకుని వినే ఆడియో కార్యక్రమం, అంటే పాడ్‌కాస్ట్.

దాని పుట్టుకకు కారణం ఇంటర్నెట్ నత్తనడక. 2000లో పాట దించుకోవాలంటే కంప్యూటర్ ముందు కాచుక్కూర్చోవాలి. మనం నిద్రపోతున్నప్పుడే కంప్యూటర్ ఫైలు తెచ్చి పెట్టుకుంటే పొద్దున్నే వినొచ్చు కదా అని టీవీ వ్యాఖ్యాత ఆడమ్ కర్రీ ఆలోచించాడు. ప్రోగ్రామర్ డేవ్ వైనర్ ఆ ఆలోచనకు రూపమిచ్చాడు. వెబ్‌సైట్‌లో కొత్తగా ఏం చేరిందో చెప్పే ఆర్‌ఎస్‌ఎస్ అనే జాబితా అప్పటికే ఉంది. వైనర్ అందులో ఆడియోకి చోటు కల్పించాడు.

ఆ చోటులో ఉండేవి మూడే వివరాలు: ఫైలు ఎక్కడుంది, ఎన్ని బైట్లు, ఏ రకం. మన ఫోన్‌లోని యాప్ అప్పుడప్పుడూ వెళ్లి ఆ జాబితా చూస్తుంది. కొత్త భాగం కనిపిస్తే తెచ్చుకుంటుంది. ‘సబ్‌స్క్రైబ్’ నొక్కితే జరిగేది ఇంతే. ఈ పద్ధతికి యజమాని లేడు. ఎవరైనా జాబితా పెట్టొచ్చు, ఎవరైనా దాన్ని చదివే యాప్ తయారు చేయొచ్చు.

2004 ఫిబ్రవరిలో పాత్రికేయుడు బెన్ హామర్స్‌లీ గార్డియన్ పత్రికలో ‘పాడ్‌కాస్టింగ్’ అనే మాట వాడాడు. ఆపిల్ వారి పాటల పరికరం ఐపాడ్‌లోని పాడ్, బ్రాడ్‌కాస్ట్‌లోని కాస్ట్ కలిసిన పేరది. 2005 జూన్‌లో ఆపిల్ తన ఐట్యూన్స్ అనే పాటల సాఫ్ట్‌వేర్‌లో పాడ్‌కాస్ట్‌లకు చోటిచ్చింది. 2022లో ఐపాడ్ తయారీ ఆగిపోయింది, పేరు మాత్రం మిగిలింది.

ఇక వినడం సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాంటెన్నాపాడ్ ఉచితం, ప్రకటనల బెడద ఉండదు. స్పాటిఫై కూడా ఉంది. ఐఫోన్‌లో అయితే ఆపిల్ పాడ్‌కాస్ట్స్ ఉంటుంది. తెలుగు కథలు, రచయితలతో మాటామంతీ కావాలంటే ‘హర్షణీయం’ అనే పాడ్‌కాస్ట్ వెతకండి. తెలుగు రాయడం రాకపోతే కీబోర్డులో మైకు నొక్కి, భాష తెలుగు పెట్టుకుని పేరు పలికితే చాలు. సెకనుకు 64 కిలోబిట్ల నాణ్యతతో గంటసేపటి మాటలకు దాదాపు 29 ఎంబీలే ఖర్చవుతాయి. ఇంట్లో వైఫై ఉంటే రాత్రి దించుకుని, పొద్దున సిగ్నల్ అందని మడి గట్టు మీదైనా వినొచ్చు. మాట వేగంగా అనిపిస్తే తగ్గించుకోవచ్చు. పని పడితే ఆపి, ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకోవచ్చు. ఈ సౌకర్యం మన రేడియోకు ఎన్నడూ లేదు.

పిల్లలకు తెలుగు లిపి నేర్పడం మానకూడదు. అది నేర్చేలోపు మన కథలు వాళ్లకు దూరం కాకూడదు కూడా. ఈ రాత్రే ఇంట్లో ఒక ఫోన్‌లో ఒక తెలుగు కథ దించి పెట్టండి. రేపు అవ్వా మనవడూ పక్కపక్కన కూర్చుని వింటారు.