80 ఏళ్ల గీత: ఇంగ్లండ్‌లో ఫ్లాటు లీజు పొడిగింపు

హైదరాబాదులోనో విజయవాడలోనో ఫ్లాటు కొన్నవారి రిజిస్ట్రేషను దస్తావేజులో, కింది స్థలంలో ఇన్ని చదరపు గజాల అవిభాజ్య వాటా అని రాసి ఉంటుంది కాబట్టి, ఫ్లాటు కొనడమంటే ఎంతో కొంత నేల కూడా సొంతం కావడమేనన్న భావన తెలుగువారిలో సహజంగా నాటుకుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో మాత్రం ఫ్లాటు కొనేవారికి సాధారణంగా దక్కేది నిర్ణీత సంవత్సరాలపాటు అందులో ఉండే హక్కు. నేలకూ భవనానికీ శాశ్వత హక్కుదారుగా ఫ్రీహోల్డరు అనే భూయజమాని వేరుగా ఉంటాడు. ఏళ్లను కొనుక్కున్నవారిని లీజుదారులంటారు. ఒక్క ఇంగ్లండ్‌లోనే దాదాపు 50 లక్షల ఇళ్లు ఈ పద్ధతిలో ఉన్నాయి. లండన్, రెడింగ్ వంటి చోట్ల స్థిరపడి ఫ్లాట్లు కొన్న తెలుగు కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది.

లీజు గడువు 99 ఏళ్లో, 125 ఏళ్లో, కొన్నిచోట్ల 999 ఏళ్లో ఉంటుంది. ఆ లెక్క తాము కొన్న రోజు నుంచి మొదలవుతుందని చాలామంది పొరబడతారు. లీజు పత్రంలో ‘2008 జూన్ 24 మొదలు 99 ఏళ్లు’ అని ఉంటే, ఆ ఫ్లాటు ఎన్ని చేతులు మారినా గడువు 2107 జూన్‌లోనే ముగుస్తుంది. 2027 జూన్ దాటగానే మిగిలేది 80 ఏళ్ల లోపే. చాలా బ్యాంకులు 70, 80 ఏళ్లకు తక్కువ గడువున్న ఫ్లాట్ల మీద అప్పు ఇవ్వడానికి వెనకాడతాయి కాబట్టి, గడువు తీరడానికి తరాల ముందే ఆ ఇంటికి కొనేవారు కరువవుతారు.

ఈ చిక్కునుంచి బయటపడేందుకు 1993 నాటి చట్టం లీజుదారులకు ఒక హక్కు కల్పించింది. దాని ప్రకారం మిగిలిన గడువుకు మరో 90 ఏళ్లు కలుస్తాయి. ఏటా భూయజమానికి కట్టే నేల అద్దె, అంటే గ్రౌండ్ రెంట్, నామమాత్రమవుతుంది. చట్టపు భాషలో ఆ నామమాత్రపు అద్దె పేరు ‘ఒక మిరియపు గింజ’. ఆచరణలో అది సున్నాయే. ఇందుకు బదులుగా భూయజమానికి ఒకేసారి చెల్లించే సొమ్మును ప్రీమియం అంటారు.

ప్రీమియం లెక్క తెలియకపోవడంవల్లనే ఎక్కువమంది నష్టపోతున్నారు కాబట్టి దాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. 3 లక్షల పౌండ్ల విలువైన ఫ్లాటుకు 79 ఏళ్ల గడువు మిగిలిందనుకుంటే, 79 ఏళ్ల తర్వాత తన చేతికి రావలసిన ఆ ఇల్లు భూయజమానికి ఈనాడు ఎంత విలువ చేస్తుందన్నది మొదటి ప్రశ్న. ఫ్లాట్లకు ట్రిబ్యునళ్లు సాధారణంగా పాటించే 5 శాతం రేటుతో వెనక్కి లెక్కిస్తే అది సుమారు 6,350 పౌండ్లు. ఇకమీదట రాని నేల అద్దెకు పరిహారం కలిపి మొత్తం 8,000 అనుకుందాం. గడువు 80 ఏళ్లకు పైగా ఉంటే లెక్క దాదాపు ఇక్కడితో ముగుస్తుంది. 80 లోపయితే మ్యారేజ్ వాల్యూ అనే మరో పద్దు చేరుతుంది: లీజు పొడిగించడంవల్ల కొత్తగా పుట్టే విలువలో సగం భూయజమానికి ఇవ్వాలి. పొడిగించకముందు ఆ ఫ్లాటు 2,76,000 పౌండ్లే పలుకుతుందనుకుంటే, 3 లక్షల నుంచి ఆ మొత్తాన్నీ, పైన చెప్పిన 8,000నూ తీసివేయగా మిగిలేది 16,000. అందులో సగం 8,000. ఏడాది పైచిలుకు ఆలస్యానికి ప్రీమియం రెట్టింపైంది. భూయజమాని ఒక్క ఇటుక పేర్చకుండానే ఈ వాటా పొందుతున్నాడు. ఇల్లు నిలబెట్టుకోవాలన్న కుటుంబపు అవసరాన్ని అతని ఆదాయంగా మార్చే ఈ నిబంధన న్యాయమైనది కాదు.

2024 మే నెలలో ఆమోదం పొందిన సంస్కరణ చట్టం ఈ పద్దును రద్దు చేసి, 90 ఏళ్లకు బదులు 990 ఏళ్లు ఇవ్వాలని నిర్దేశించింది. ఫ్లాటు కొన్న రెండేళ్లకు గానీ పొడిగింపు అడగరాదన్న పాత షరతు 2025 జనవరి 31న తొలగిపోయింది. మ్యారేజ్ వాల్యూ రద్దు, 990 ఏళ్ల పొడిగింపు అనే ముఖ్యమైన రెండు మార్పులు మాత్రం 2025 చివరివరకూ అమలులోకి రాలేదు. వాటిని సవాలు చేసిన భూయజమానుల వాదనను 2025 అక్టోబరులో హైకోర్టు తోసిపుచ్చింది. 95 ఏళ్లు మిగిలినవారు ఎదురుచూడవచ్చు. 81 వద్ద ఉన్నవారికి ఆ నిరీక్షణ ప్రమాదకరం.

భూయజమాని తనంతట తానే తక్కువ సొమ్ముకు పొడిగిస్తానని ముందుకు రావచ్చు. అయితే అటువంటి ఒప్పందాలలో పాత గడువు తీరేదాకా నేల అద్దె కొనసాగే షరతు ఉండవచ్చు కాబట్టి సొలిసిటరుకు చూపకుండా సంతకం చేయరాదు. చట్టబద్ధమైన మార్గంలో లీజుదారు తాను ఇవ్వదలచిన ప్రీమియాన్ని పేర్కొంటూ, సమాధానానికి కనీసం రెండు నెలల వ్యవధినిస్తూ, 1993 చట్టపు 42వ సెక్షను కింద నోటీసు పంపాలి. భూయజమాని పక్షాన అయ్యే సహేతుకమైన ఖర్చులూ లీజుదారే భరించాలి. నోటీసు ఇచ్చిన తేదీయే విలువ కట్టే తేదీ కాబట్టి, 80 ఏళ్ల గీత దాటకముందే అది చేరితే, బేరం ఏడాదిపాటు సాగినా మ్యారేజ్ వాల్యూ పడదు. భూయజమాని నుంచి ప్రతినోటీసు వచ్చాక బేరం కుదరకపోతే, రెండు నెలల తర్వాత, ఆరు నెలలు నిండేలోగా ట్రిబ్యునలుకు దరఖాస్తు చేయాలి. ఆ గడువు తప్పితే నోటీసును ఉపసంహరించుకున్నట్టే పరిగణిస్తారు. మళ్లీ నోటీసు ఇవ్వడానికి 12 నెలలు ఆగవలసి వస్తుంది, 80 ఏళ్ల అంచున ఈ ప్రక్రియ మొదలుపెట్టి ఉంటే లీజు ఆలోగా గీత దాటిపోయి ఉంటుంది.