పెప్టైడులు - ఏకాగ్రత

పరీక్షల కాలము వచ్చినదనగా ప్రతి ఇంటను ఒకటే చింత: పుస్తకము ముందు కూర్చున్న పిల్లవానికి మనస్సు నిలువదు. పూర్వము పెద్దలు ఇందుకు సరస్వతి ఆకు తినిపించెడివారు. ఇప్పుడు పెప్టైడులను పేరు వినబడుచున్నది. ముక్కులో రెండు చుక్కలు వేసిన చాలును, చదివినదెల్ల మనస్సునకు పట్టునని అమ్మువారు చెప్పుచున్నారు. మొన్న ఒక తండ్రిగారు మా యొద్దకు వచ్చి, పోటీ పరీక్షకు చదువుచున్న కుమారుని కొరకు ఇట్టి సీసా కొనవచ్చునా యని అడిగిరి. వారికి చెప్పిన సమాధానమునే ఇచట కొంత విపులముగా మనవి చేయుదుము.

కందిపప్పులోను, పాలలోను ఉండు మాంసకృత్తులు అమీనో ఆమ్లములను పూసలతో గ్రుచ్చిన పొడుగు దండలు. దండ పొట్టిదైనచో దానిని పెప్టైడ్ అందురు. మధుమేహ రోగులకు ప్రాణాధారమైన ఇన్సులిన్‌లో 51 పూసలు గలవు. కాన్పు వేళ గర్భాశయమును ముడుచుకొనజేయు ఆక్సిటోసిన్‌లో 9 మాత్రమే. మెదడులోని కణములు కూడ పెప్టైడుల ద్వారా వార్తలు పంపుకొనును. 1975లో స్కాట్లండులోని ఆబర్డీన్ నగరమున హ్యూస్, కాస్టర్లిట్జ్ అను శాస్త్రజ్ఞులు నొప్పిని అణచు 5 పూసల ఎన్‌కెఫలిన్లను మెదడునుండి వేరుచేసిరి. కావున పెప్టైడ్ మెదడుపై పనిచేయగలదనుట అబద్ధము కాదు. అయితే బయటనుండి ఇచ్చిన పెప్టైడ్ ఆరోగ్యవంతుని ఏకాగ్రతను పెంచునా యన్నదే మన ప్రశ్న.

ఈ ఆశ ఎచట పుట్టినదో చూతము. 1960 తరువాతి దశాబ్దమున హాలండులోని యుట్రెక్ట్ నగరములో డేవిడ్ డి వీడ్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలపై ప్రయోగములు చేసెను. మెదడు క్రింది పీయూష గ్రంథిని తొలగించిన ఎలుకలు విద్యుద్ఘాతమును తప్పించుకొను పాఠమును మిక్కిలి మందముగా నేర్చుకొనెను. ఆ గ్రంథి స్రవించు ఏ.సి.టి.హెచ్. అను హార్మోనులో 4వ పూస మొదలు 10వ పూస వరకు గల చిన్న తునుకను ఇచ్చినపుడు వాని నేర్పు చక్కబడెను. 1970 తరువాత ఆ తునుకను మనుష్యులపై పరీక్షించిరి. కొన్ని పరీక్షలలో అవధానమున స్వల్పమైన మార్పు కనబడెను. మరికొన్నింట ఏమియు కనబడలేదు. ఎలుక నేర్చిన పాఠము మనిషి వద్ద నిలువలేదు.

మాస్కోలోని శాస్త్రజ్ఞులు ఆ తునుకలో 4 మొదలు 7 వరకు గల పూసలను నిలిపి, త్వరగా విరిగిపోకుండుటకై చివర మరి 3 పూసలు చేర్చి సెమాక్స్ అను మందు చేసిరి. రష్యాలో దీనిని పక్షవాతము మొదలగు మెదడు జబ్బులకు ముక్కు చుక్కలుగా వాడుదురు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిని ఆమోదించలేదు. దీనిపై జరిగిన పరీక్షలు పెక్కు రష్యాలోనే, కొద్దిమందిపై జరిగినవి. ఆరోగ్యవంతులైన విద్యార్థులకు ఇది మేలు చేయునని స్వతంత్రమైన పెద్ద పరీక్ష ఏదియు నిరూపింపలేదు. కాలు విరిగినవానికి చేతికఱ్ఱ ఆసరా. పరుగెత్తువానికి అదే అడ్డు.

పంది మెదడునుండి తయారగు సెరెబ్రోలైసిన్ అను సూదిమందు మరియొకటి. పక్షవాత రోగులపై జరిగిన పరీక్షలను కోక్రేన్ సంస్థవారు సమీక్షించి, మరణములను తగ్గించుటలో దానివలన ప్రయోజనము దాదాపు లేదనియు, ప్రాణాంతకములు కాకున్నను తీవ్రములైన దుష్ఫలితములు హెచ్చవచ్చుననియు తేల్చిరి.

పెప్టైడును నోట మ్రింగినచో కడుపులోని పెప్సిన్, ప్రేగులలోని ట్రిప్సిన్ దండను త్రెంచివేయును. ఇన్సులిన్‌ను సూదిమందుగా ఇచ్చుటకు ముఖ్య కారణమిదే. రక్తములో చేరినను మెదడు వాకిట గట్టి కాపలా కలదు; ఎల్ల పదార్థములను అది లోనికి పోనీయదు. ఇక "పరిశోధనకు మాత్రమే" అను చీటీతో అమ్ము సీసాలలో ఏమున్నదో, ఎంత ఉన్నదో, అది శుభ్రమైనదో కాదో కొన్నవారికి తెలియదు. అట్టిదానిని సూదితో ఎక్కించుకొనుట ప్రమాదమును కొని తెచ్చుకొనుటయే.

మరి ఏకాగ్రతకు దారి లేదా? కలదు. కాఫీలోని కెఫీన్ నిద్రమత్తు కలిగించు అడినోసిన్ పనిని కొంతసేపు ఆపును. కాని రాత్రివేళ త్రాగినచో నిద్రను పాడుచేయును. చాలినంత నిద్ర, క్రమమైన అభ్యాసము, నడక, వీనికి సాటియగు సీసా ఇంకను తయారుకాలేదు. అష్టావధాని ఎనిమిది ప్రశ్నలను మనస్సున నిలుపుట ఏండ్ల సాధనవలననే గదా! ఎంత ప్రయత్నించినను మనస్సు నిలువనిచో రక్తహీనతయో, థైరాయిడ్ లోపమో, దృష్టిలోపమో, దిగులో కారణము కావచ్చును. వైద్యుని చూడవలెను.

ఆ తండ్రిగారితో మాటలాడుచుండగా, కుమారుడు నెల దినములనుండి రాత్రి రెండు గంటలవరకు మేల్కొని, మరల అయిదింటికే లేచుచున్నాడని తెలిసినది. సీసా మాట కట్టిపెట్టి, ముందు పిల్లవానిని కంటినిండ నిదురపోనిండని వారితో మనవి చేసితిమి.