గుమ్మానికి అడ్డు తొలిగి ఎదురుచూడాలి

పేజీ బిగుసుకుపోయింది, మీట నొక్కినా ఉలకదు పలకదు అన్నావు కదే అమ్మడూ, నీ కోడు చూశాను. మ్యాప్ గీసే స్క్రిప్టు వేరే చోటి నుంచి దిగాలి. అది వచ్చేదాకా ఆగాలని వైల్ లూప్ పెట్టావు. ‘వచ్చిందా? రాలేదా? మళ్లీ చూడు’ అని. చదివితే సబబుగానే ఉంటుంది. కొత్తగా రాసేవాళ్లు చాలామంది ఇలాగే రాస్తారు.

జావాస్క్రిప్టును 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ తయారుచేశాడు. పేజీలో అది ఒంటిచేత్తో సంసారం నడుపుతుంది. నువ్వు మీట నొక్కడం, టైమరు మోగడం, దిగిన స్క్రిప్టు నడవడం, అన్నీ ఒకే వరుసలో నిలబడతాయి. చేతిలో ఉన్న పని ముగిస్తే గానీ తర్వాతది అందుకోదు. ఈ వరుసను నడిపేదాన్ని ఈవెంట్ లూప్ అంటారు. నీ వైల్ లూప్ ముగిసేది మ్యాప్ వచ్చాక. మ్యాప్ స్క్రిప్టుకు వంతు వచ్చేది నీ లూప్ ముగిశాక! చుట్టం వస్తున్నాడా అని గుమ్మానికి అడ్డంగా నిలబడి చూస్తుంటే, ఆ చుట్టం లోపలికి ఎలా వస్తాడు చెప్పు? ఇది ఒక్కటి బుర్రకెక్కితే జావాస్క్రిప్టు సగం వచ్చినట్టే.

అందుకే ఒక్కసారి చూడు. రాలేదా, ‘200 మిల్లీసెకన్లయ్యాక మళ్లీ లేపు’ అని సెట్‌టైమవుట్‌కి చెప్పి పక్కకు తప్పుకో. ఆ సందులో మిగతా పనులన్నీ జరిగిపోతాయి. 200 అంటే సరిగ్గా 200 అనుకోకు, అంతకు తక్కువ కాదని మాత్రమే. సున్నా అని రాసినా, టైమరులోంచి టైమరు ఐదు మెట్లు దాటాక బ్రౌజరు కనీసం 4 మిల్లీసెకన్లు ఆపుతుంది. హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే ఆ నియమం ఉంది.

నిజానికి నీ మ్యాప్‌కి ఇంత అడగడం కూడా అక్కర్లేదు. స్క్రిప్టు దిగి నడవగానే లోడ్ ఈవెంటు తనే కబురు చెబుతుంది. పేజీలో ఏదైనా కొత్తగా వచ్చి చేరితే చెప్పడానికి మ్యుటేషన్ అబ్జర్వర్ ఉంది. కబురు చెప్పేవాళ్లుంటే అడగడం మానేయడమే మేలు.

అయితే అన్నిచోట్లా కబురు రాదు. ఆన్‌లైన్‌లో ఏదో కొంటాం, తెర మీద క్యూఆర్ కోడ్ వస్తుంది, ఫోన్‌తో స్కాన్ చేస్తాం. ‘ఈ పేజీ మూయకండి’ అంటూ గడియారం తిరుగుతుంటుంది చూడు, అలాంటి పేజీలు చాలావరకు వెనకాల ‘డబ్బు అందిందా?’ అని సర్వరును అడుగుతూ ఉంటాయి. రెండు సెకన్లకోసారి అడిగే పేజీని 10,000 మంది తెరిచి కూర్చుంటే సర్వరుకు సెకనుకు 5,000 ప్రశ్నలు. ఇంతసేపటికోసారి అని చెబితే ఆగకుండా లేపుతూనే ఉండే సెట్‌ఇంటర్వల్, జవాబు ఆలస్యమైనా తన పాటికి తాను అడుగుతూనే పోతుంది, ప్రశ్న మీద ప్రశ్న పేరుకుంటుంది. జవాబు చేతికొచ్చాకే తర్వాతి సెట్‌టైమవుట్ పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. ఆగే సమయాన్ని ఒకటి, రెండు, నాలుగు సెకన్లని రెట్టింపు చేస్తూ పోతే సర్వరు ఊపిరి పీల్చుకుంటుంది. 1970లలో ఈథర్‌నెట్ కట్టినవాళ్లు, ఒకే తీగ మీద రెండు కంప్యూటర్ల మాటలు ఢీకొన్నప్పుడు ఇలాంటి ఉపాయమే వాడారు.

ఎంతసేపు అడగాలో గడువు పెట్టడం కూడా మరవకు. రాని దాని కోసం రోజంతా అడిగే పేజీ ఫోన్ బ్యాటరీని తినేస్తుంది. గడువు దాటితే ‘రాలేదు, మళ్లీ ప్రయత్నించండి’ అని మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి. డబ్బు కట్టి దిగులుగా చూస్తున్నవాళ్లకు ఆ ఒక్క మాట ఎంత ముఖ్యమో!

ఆ గడువును ఎన్నిసార్లు అడిగామన్న లెక్కతో కొలవకు. వేరే ట్యాబ్‌లోకి వెళ్తే బ్రౌజర్లు వెనక పేజీ టైమర్లను సెకనుకోసారికి కుదిస్తాయి. 2021లో వచ్చిన క్రోమ్ 88 నుంచి, ఐదు నిమిషాలకు మించి కనబడకుండా ఉన్న పేజీలో ఇలా గొలుసుగా నడిచే టైమర్లు నిమిషానికోసారే లేవొచ్చు. సెకనుకోసారి చొప్పున 60 సార్లు అడిగి నిమిషమైందనుకునే కోడుకు అక్కడ గంట పడుతుంది. మొదలైన వేళ రాసిపెట్టుకుని, లేచిన ప్రతిసారీ గడియారం చూసి తీసివేయి. పేజీ మళ్లీ కంటి ముందుకొచ్చిందని విజిబిలిటీ చేంజ్ ఈవెంటు చెప్పగానే, టైమరు కోసం ఆగకుండా వెంటనే ఒకసారి అడుగు.